కళ్ల ముందు కడ్డీ మేలా, గాజు మేలా? ఓపెన్ వీల్ కార్లలో తల రక్షణ ఎంచుకునే పద్ధతి

2023 ఫిబ్రవరి 11, హుస్సేన్ సాగర్ ఒడ్డు. ఫార్ములా ఈ అనే కరెంటు రేసు కార్లు గ్రిడ్ మీదికి, అంటే రేసు మొదలయ్యే వరుసల్లోకి, వస్తున్నాయి. మనవడు పట్టుబడితే వచ్చిన ఒక పెద్దాయన నా పక్క సీట్లో కూర్చున్నారు. మోచేతి మీద తట్టి అడిగారు: "తమ్మీ, గా మొఖం ముందర కడ్డీ ఏంది? వానికి తొవ్వ ఎట్ల కనబడ్తది?"

"రెండు కళ్లున్నయి కద తాతా, కనబడ్తది" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి మళ్లీ మనవడి వైపు తిరిగారు. నమ్మలేదని తెలుస్తూనే ఉంది.

నా జవాబు తప్పు కాదు కానీ సగమే. ఆ కడ్డీ పేరు హేలో. అమెరికాలో ఇండీకార్ అనే రేసు సిరీస్ వాళ్లు దానికి బదులు ఏరోస్క్రీన్ అనే గాజులాంటి తెర వాడతారు. మన దేశంలో మొదటిసారి ఫార్ములా కారెక్కే కుర్రాళ్లలో చాలామందికి ఈ రెండూ ఉండవు, హెల్మెట్టే దిక్కు. ఏది మంచిది అని ఎవరైనా అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు వేస్తాను. మీ తలకు ఏం తగిలే ప్రమాదం ఉంది? మీరు ఎటు చూస్తూ నడపాలి? వీటికి జవాబు తెలియకుండా "ఏది గట్టిది" అని వాదించుకోవడం దండగ.

ముందు చూపు సంగతి

ఒక పెన్సిల్ తీసుకోండి. ముఖానికి మూరెడు దూరంలో నిలువుగా పట్టుకుని, చూపు మాత్రం గోడ మీది క్యాలెండర్ మీద పెట్టండి. పెన్సిల్ రెండుగా విడిపోయి, పల్చగా పొగలా కనిపిస్తుంది. దాని వెనక తేదీలన్నీ చదవగలుగుతారు. ఇప్పుడు ఒక కన్ను మూయండి. ఒక తేదీ మాయం.

హేలో మధ్య స్తంభం విషయంలో జరిగేది ఇదే. మన రెండు కంటిపాపల మధ్య దూరం ఆరు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. డ్రైవర్ ముఖానికి ఎదురుగా ఉండే స్తంభం వెడల్పు అందులో సగానికి కూడా రాదు. ఎడమ కంటికి దాగింది కుడి కంటికి దొరుకుతుంది, కుడి కంటికి దాగింది ఎడమ కంటికి. స్తంభం దాటి రెండు మూరల తర్వాత రెండు కళ్లకూ దాగిన చోటంటూ మిగలదు. పైగా మూడు వందల వేగంతో పోతున్నవాడి చూపు ఎప్పుడూ దూరంగా వచ్చే మలుపు మీదే ఉంటుంది.

ఇంట్లో స్టీరింగ్ బిగించుకుని రేసు గేములు ఆడేవాళ్లకు ఇక్కడే ఒక మాట. గేములో కెమెరాది ఒంటికన్ను. అందువల్ల తెర మీద హేలో స్తంభం నిజంగానే రోడ్డు మధ్య భాగాన్ని మింగేస్తుంది. స్తంభాన్ని దాచేసే ఆప్షన్ ఉంటే నిరభ్యంతరంగా దాచేయండి, అసలు డ్రైవర్ చూసేదానికి అదే దగ్గర. చీటింగ్ అని స్నేహితులు గోల చేస్తే చేతికో పెన్సిల్ ఇవ్వండి. వీఆర్ హెడ్‌సెట్ వాడేవాళ్లు మాత్రం ఉంచుకోవచ్చు, అందులో రెండు కళ్లకు రెండు బొమ్మలు పడతాయి.

అసలు ఇబ్బంది పెట్టేది స్తంభం కాదు, పైన చుట్టూ తిరిగే వలయం. అది అడ్డంగా ఉంటుంది కాబట్టి రెండు కళ్ల లెక్క దానికి పనిచేయదు. ఒక కన్నుకు ఎంత దాగుతుందో రెండో కన్నుకూ అంతే. పెన్సిల్‌ను పడుకోబెట్టి చూడండి, తెలిసిపోతుంది. చదునైన ట్రాక్ మీద ఆ వలయం చూపుకు పైన ఉండిపోతుంది, ఏ బాధా లేదు. రోడ్డు ఒక్కసారిగా పైకి లేచే చోట, బెల్జియంలో స్పా ట్రాక్ మీద ఓ రూజ్ లాంటి చోట, చూడాల్సింది వలయం ఉన్న వైపుకే పోతుంది. స్టార్ట్ లైట్లదీ ఇదే చిక్కు. 2018లో ఫార్ములా వన్‌లోకి హేలో వచ్చినప్పుడు లైట్లను కిందికి దించి, వెనక వరుసల కోసం ఇంకో సెట్ అమర్చాల్సి వచ్చింది.

తలకు తగిలేవి ఒకటి కాదు

2009 జులైలో వారం తిరక్కుండా రెండు ప్రమాదాలు జరిగాయి. 19న ఇంగ్లండ్‌లోని బ్రాండ్స్ హ్యాచ్‌లో ఫార్ములా టూ రేసు. ఇంకో కారు నుంచి ఊడిన చక్రం వచ్చి హెన్రీ సర్టీస్ తలకు తగిలింది. ఆ కుర్రాడికి పద్దెనిమిదేళ్లు, బతకలేదు. 25న హంగరీలో ఫార్ములా వన్ క్వాలిఫయింగ్. రూబెన్స్ బారికెల్లో కారు నుంచి రాలిన స్ప్రింగ్ ఒకటి ఫెలిపె మాసా హెల్మెట్‌కు ఎడమ కన్ను పైన తగిలింది. దాని బరువు సుమారు 800 గ్రాములు. మాసా చావు అంచుదాకా వెళ్లి, కోలుకుని మరుసటి ఏడాది మళ్లీ కారెక్కాడు.

చక్రాన్ని ఆపాలంటే గట్టి దూలం కావాలి. దూలాల మధ్య సందులున్నా ఫర్వాలేదు, చక్రం పెద్దది కాబట్టి దూరలేదు. స్ప్రింగ్‌ను ఆపాలంటే సందు లేని తెర కావాలి, లేదా దెబ్బను తట్టుకునే హెల్మెట్ కావాలి. ఈ తేడా పట్టుకుంటే ఎంపిక సగం అయిపోయినట్టే.

మూడో రకం కూడా ఉంది: కారే వెళ్లి దేనికిందో దూరడం, లేదా తలకిందులై నేల మీద జారడం. ఇక నాలుగోది, దేనికీ లొంగనిది, తల లోపల మెదడు అదిరిపోవడం. 2014లో జపాన్‌లోని సుజుకాలో జూల్ బియాంకి కారు క్రేన్ కిందికి దూసుకెళ్లింది. ఆ ప్రమాదాన్ని పరిశీలించిన ఎఫ్‌ఐఏ (ప్రపంచ మోటారు రేసులకు పెద్ద సంస్థ) నిపుణులు, కాక్‌పిట్‌ను మూసేసి ఉన్నా ఆ గాయాన్ని తగ్గించగలిగేది కాదనే తేల్చారు. ఏ రక్షణ అమ్మేవాళ్లయినా ఈ నాలుగో ప్రమాదాన్ని కూడా ఆపేస్తామన్నట్టు మాట్లాడితే నమ్మకండి.

హేలో

ఏడు కిలోల టైటానియం గొట్టం. ముందు ఒకచోట, వెనక రెండుచోట్ల కారు గూడుకు బిగిస్తారు. సుమారు 12 టన్నుల భారం పైన వేసినా విరగకూడదు, దాన్ని బిగించిన గూడూ చెదరకూడదు. నిండా జనం ఎక్కిన పెద్ద బస్సు బరువు అనుకోండి. 2015లో ఈ ఆలోచన మెర్సిడెస్ నుంచి వచ్చింది. 2016 మార్చిలో బార్సిలోనా టెస్టుల్లో ఫెరారీ కారు మీద కిమీ రైకోనెన్ మొదటిసారి తిప్పి చూశాడు. హవాయి చెప్పు పట్టీలా ఉందని జనం వెక్కిరించారు. డ్రైవర్లలోనూ కొందరికి నచ్చలేదు. వాళ్లలో రొమాన్ గ్రోజాన్ ఒకడు.

2020 నవంబర్ 29, బహ్రెయిన్. అదే గ్రోజాన్ కారు గంటకు 190 కిలోమీటర్లకు పైగా వేగంతో ఇనుప బారియర్‌ను చీల్చుకుంటూ దూరి రెండు ముక్కలైంది. బారియర్ రేకుల మధ్య దారి చేసింది హేలో. అది లేకపోతే ఆ రేకులు నేరుగా మెడ ఎత్తులో ఉన్నాయి. మంటల్లో సుమారు 28 సెకన్లు ఉండి, ఎడమ కాలి బూటు లోపలే వదిలేసి, చేతులు కాలిన మనిషి తనంతట తానే ఎక్కి బయటికి దూకాడు. తర్వాత ఆసుపత్రి మంచం మీది నుంచే తన పాత అభిప్రాయం మార్చుకున్నానని చెప్పాడు.

అది అందరికీ గుర్తుండిపోయిన సంఘటన. నాకు అంతకన్నా పాఠం చెప్పింది 2022 సిల్వర్‌స్టోన్. జో గ్వాన్‌యూ కారు తిరగబడి, తల వెనకుండే రోల్ హూప్ విరిగిపోయింది. రోల్ హూప్ అంటే కారు బోర్లా పడితే తలను కాపాడటానికే ఉన్న భాగం. అది పోయాక నేలకూ హెల్మెట్‌కూ మధ్య మిగిలింది హేలో ఒక్కటే. చక్రం కోసం పెట్టింది బోర్లా పడ్డప్పుడు పనికొచ్చింది. 2018 స్పాలో లెక్లెర్ తల మీదుగా అలోన్సో కారు ఎగిరిపోయినప్పుడు, 2021 మోంజాలో హామిల్టన్ కాక్‌పిట్ మీదికి వెర్‌స్టాపెన్ వెనక చక్రం ఎక్కినప్పుడు కూడా దెబ్బ కాచుకుంది ఈ గొట్టమే. నలభై నిజమైన ప్రమాదాలను తీసుకుని ఎఫ్‌ఐఏ లెక్క కట్టినప్పుడు, బతికే అవకాశం 17 శాతం పెరుగుతుందని తేలింది. అప్పట్లో ఇంతేనా అన్నవాళ్లున్నారు. ఇప్పుడు ఎవరూ అనడం లేదు.

లోటు ఎక్కడంటే, సందులు. మాసాకు తగిలిన స్ప్రింగ్ లాంటిది హేలో సందులోంచి వచ్చేయగలదు. అందుకే హేలో కారులో హెల్మెట్ నాణ్యత తగ్గించుకోవచ్చు అనుకోవడం పొరపాటు. హేలో ఆపలేని చిన్నవాటి బాధ్యత మొత్తం హెల్మెట్ దే. 2019 నుంచి ఫార్ములా వన్‌లో తప్పనిసరి అయిన ఎఫ్‌ఐఏ 8860-2018 హెల్మెట్‌లో కళ్ల దగ్గరి తెరపు పై అంచును 10 మిల్లీమీటర్లు కిందికి దించింది అందుకే.

ఏరోస్క్రీన్

2015 ఆగస్టులో అమెరికాలోని పోకనో ఓవల్ (కోడిగుడ్డులా చుట్టూ తిరిగే ట్రాక్) మీద ముందు కారు ముక్కు భాగం ఊడి ఎగిరి వచ్చి జస్టిన్ విల్సన్ తలకు తగిలింది. మర్నాడు చనిపోయాడు. ఇండీకార్ వాళ్ల ఆలోచనలన్నీ అక్కడి నుంచే మొదలయ్యాయి. ఓవల్ మీద గోడ పక్కనే ఉంటుంది. కారు గోడకు తగిలితే ముక్కలు బయటికి పోవు, తిరిగి ట్రాక్ మీదికే వస్తాయి, వెనక వచ్చేవాళ్లు 350 వేగంతో వాటిలోకి దూసుకెళ్తారు. అలాంటి చోట సందులున్న రక్షణ సరిపోదు.

చూపు సంగతి కూడా అక్కడ వేరు. టెక్సాస్ ఓవల్‌లో మలుపులు ఒకవైపు 20 డిగ్రీలు, ఇంకోవైపు 24 డిగ్రీలు వాలి ఉంటాయి. అలాంటి వాలు మీద నడిపేవాడికి రాబోయే దారి కనిపించేది ఎదురుగా కాదు, పైన ఎడమ మూలలో. హేలో వలయం సరిగ్గా అక్కడే ఉంటుంది. ఇందాక పడుకోబెట్టిన పెన్సిల్ గుర్తు తెచ్చుకోండి.

రెడ్ బుల్ ఇంజినీరింగ్ విభాగంతో కలిసి చేసిన ఏరోస్క్రీన్ 2020 జూన్ 6న ఆ టెక్సాస్‌లోనే మొదటి రేసు చూసింది. పొరలు పొరలుగా అతికించిన పాలికార్బొనేట్ తెర, దాన్ని పట్టుకుని సన్నటి టైటానియం చట్రం. లోపలి వైపు మెరుపు రాకుండా పూత, ఆవిరి పట్టకుండా వేడి చేసే తీగలు, బయట మురికి పడితే పిట్ స్టాప్‌లో ఒలిచి పారేసే పల్చటి పొరలు. బలంలో హేలోకు తీసిపోదు. అదే ఏడాది జులైలో అయోవాలో కోల్టన్ హెర్టా కారు రైనస్ వీకే కారు మీదికి ఎక్కినా ఇద్దరూ నడుచుకుంటూ వెళ్లిపోయారు.

ఖర్చు బరువులో, వేడిలో కనిపిస్తుంది. మొత్తం కలిపి పాతిక కిలోలకు పైగానే తూగింది, అదీ కారులో పైభాగాన. 2024లో కొంత తేలిక చేశారు. వేడి సంగతి మనవాళ్లకు వివరించనక్కర్లేదు. మే నెల మధ్యాహ్నం అద్దాలు మూసి ఎండలో పెట్టిన కారు తలుపు తీసినప్పుడు మొహానికి కొట్టే సెగ గుర్తుందా? తెర రాగానే ముఖానికి తగిలే గాలి ఆగిపోయింది. హెల్మెట్‌లోకి గొట్టాలు, ముందు నుంచి గాలి దారులు పెట్టి నెట్టుకొస్తున్నారు. వానలో ఇంకో తంటా. హేలో కారులో వాన నేరుగా వైజర్, అంటే హెల్మెట్ అద్దం, మీద పడుతుంది, గాలి దాన్ని తోసేస్తుంది, లేదంటే చేత్తో తుడుచుకోవచ్చు. ఏరోస్క్రీన్ బయటి నీళ్లను డ్రైవర్ చెయ్యి చాపి తుడవలేడు. ఓవల్ మీద వాన పడితే రేసే ఆపేస్తారు కాబట్టి సరిపోయింది. రోడ్ కోర్సుల మీద మాత్రం చూపు కష్టమవుతుంది.

మధ్యలో ఆగిపోయినవి

2017 జులై, సిల్వర్‌స్టోన్. ఎఫ్‌ఐఏ షీల్డ్ అనే పారదర్శకపు తెర తయారు చేయించింది. హేలో కన్నా చూడటానికి ఎంతో అందంగా ఉంది. సెబాస్టియన్ వెటెల్ దాన్ని పెట్టుకుని ప్రాక్టీసుకు వెళ్లి ఒక్క ల్యాపుకే తిరిగొచ్చేశాడు. వంపు వల్ల ముందు దృశ్యం వంకరపోయింది, తల తిరిగింది, తెర మీదుగా వచ్చే గాలి హెల్మెట్‌ను ముందుకు తోసింది. రోజుల వ్యవధిలో హేలో ఖాయమైంది.

వేరేవాళ్ల కళ్లద్దాలు పెట్టుకుని మెట్లు దిగి చూడండి, వెటెల్ బాధ అర్థమవుతుంది. ఈ మొత్తం కథలో నాకు ముఖ్యమనిపించేది ఇదే. కడ్డీ కొంచెం దాస్తుంది, మిగతాదంతా ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. నాణ్యత లేని తెర ఏదీ దాచదు, అంతా అబద్ధం చూపిస్తుంది. అందుకే తెర ఉన్న కారు ఎంచుకునేవాళ్లు తెర ఎంత గట్టిది అని అడిగే ముందు, ఎదుటి గీత దాంట్లోంచి వంకర లేకుండా కనిపిస్తోందా అని చూడాలి.

యుద్ధ విమానాల్లాగా పూర్తి మూత పెట్టొచ్చు కదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. 2011లో ఎఫ్‌ఐఏ ఇన్‌స్టిట్యూట్ ఆ పనీ చేసి చూసింది. ఇరవై కిలోల చక్రాన్ని గంటకు 225 కిలోమీటర్ల వేగంతో విమానపు మూత మీదికి పేల్చారు. మూత చక్రాన్ని తోసేసింది. కానీ తిరగబడిన కారులో, పక్కన మంట ఉంటే, ఆ మూత తెరిచేదెవరు? 2018 అబూధాబిలో నికో హల్కెన్‌బర్గ్ మూత లేని కారులోనే తలకిందులుగా వేలాడుతూ, వెనక నిప్పు కనిపిస్తుంటే సాయం కోసం ఎదురుచూశాడు.

మరి మీ సంగతి

చూసేవాళ్లుగా వాదించుకుంటున్నారా? అయితే నా తీర్పు ఇది. మలుపులు తిరిగే రోడ్ సర్క్యూట్లు, వానలో కూడా సాగే రేసులు, ఆగి మొదలయ్యే స్టార్టులు ఉన్న చోట హేలో. వాలు ఓవళ్లు, గోడల మధ్య ముక్కలు ఎగిరే చోట ఏరోస్క్రీన్. ఫార్ములా వన్‌కు ఏరోస్క్రీన్ పెట్టాలని పట్టుబట్టేవాళ్లు ఒకసారి స్పా వానను, సింగపూర్ ఉక్కపోతను తలుచుకోవాలి.

మీ పిల్లలు నిజంగానే ఫార్ములా కారు ఎక్కబోతున్నారా? ఇక్కడ కాస్త ఆగి చదవండి. చెన్నై దగ్గరి ట్రాక్ మీదో, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వేలోనో చాలామంది మొదలుపెట్టేది ఎల్‌జీబీ ఫార్ములా కార్లతో. వాటికి హేలో ఉండదు. ఇండియన్ ఎఫ్4 (ఫార్ములా ఫోర్) కార్లకు ఉంటుంది. డబ్బు ఒక్కటే అడ్డమైతే, హేలో లేని కారులో రెండు సీజన్లు తిప్పడం కన్నా హేలో ఉన్న కారులో ఒక సీజన్ తిప్పడం మేలని నేనంటాను. శిక్షణ మాత్రమే, ట్రాక్ మీద పక్కన గుంపు ఉండదు అంటే ఎల్‌జీబీ కారుతో మొదలుపెట్టడంలో తప్పులేదు. చక్రాలు చక్రాలు రాసుకునే రేసుకు దిగే రోజు నుంచీ లెక్క మారుతుంది.

హేలో లేని కారైతే ఒక దారం తీసుకెళ్లండి. పిల్లాణ్ని పూర్తి సామానుతో కూర్చోబెట్టి బెల్టులు బిగించాక, తల వెనక రోల్ హూప్ కొస నుంచి ముందు హూప్ కొస దాకా దారం లాగి పట్టండి. హెల్మెట్ ఆ దారానికి కిందే ఉండాలి. ఎంత కింద? ఇంజినీరింగ్ విద్యార్థులు కట్టే ఫార్ములా స్టూడెంట్ కార్లకైతే కనీసం 50 మిల్లీమీటర్లు అని నియమం. మన కాలేజీల నుంచి ఫార్ములా భారత్ అనే ఆ కార్ల పోటీకి వెళ్లిన పిల్లల్ని అడగండి, తనిఖీలో ఆ కొలత దగ్గర చెమటలు పట్టిన కథలు చెబుతారు. పొడవాటి పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఆర్నెల్ల కింద సరిపోయిన సీటు ఇప్పుడు సరిపోకపోవచ్చు, ఆ వయసులో బెత్తెడు ఎదగడం ఎంతసేపు.

హెల్మెట్ దగ్గర బేరాలాడకండి. ఐఎస్ఐ గుర్తున్న బైకు హెల్మెట్ రోడ్డుకు మంచిదే, రేసు కారుకు పనికిరాదు. లోపలి గుడ్డ నిప్పుకు ఆగదు, మెడ రక్షణ పట్టీ తగిలించే కొక్కేలు ఉండవు. స్నెల్ ఎస్ఏ2020 గానీ, ఎఫ్‌ఐఏ 8859-2015 గానీ ముద్ర చూసి కొనండి. స్తోమత ఉంటే 8860-2018. సెకండ్ హ్యాండ్ హెల్మెట్ ఎంత కొత్తగా కనిపించినా వద్దు, అది ఎన్నిసార్లు కింద పడిందో అమ్మేవాడికే తెలుసు.

హేలో కారైతే రెండు పనులు. ఒకటి కళ్ల పరీక్ష. రెండు కళ్లూ సమానంగా చూస్తేనే ఆ స్తంభం మాయమవుతుంది. ఒక కన్ను మందగించి ఉంటే, అద్దాలు సరిచేసుకోకుండా హేలో వెనక కూర్చోవడం అంటే ఒక కన్ను మూసి పెన్సిల్ వెనక తేదీ వెతకడమే. ఇలాంటి మందం చాలామందికి తెలియకుండానే ఉంటుంది.

రెండోది దిగడం. హేలో వచ్చాక ఫార్ములా వన్‌లో కారు దిగడానికి ఇచ్చే గడువును 5 సెకన్ల నుంచి 7కు పెంచారు. వాళ్లకే రెండు సెకన్లు ఎక్కువ పట్టిందంటే కొత్తవాళ్ల సంగతి ఊహించుకోండి. బెల్టు విప్పడం, స్టీరింగ్ ఊడదీయడం, చేతులు హేలో మీద ఏ చోట ఆనించి లేవాలి, కాలు ముందు ఏది బయటికి పెట్టాలి, ఇవన్నీ చేతికి అలవాటు కావాలి, బుర్రకు కాదు. ఇంజిన్ స్టార్ట్ చేయకముందే, నిలబెట్టిన కారులో, గ్లవ్స్ వేయించి పదిసార్లు చేయించండి. ఐదోసారి నుంచి కళ్లు మూసుకుని చేయమనండి. స్టాప్‌వాచ్ మీ చేతిలో ఉండాలి.